పాత డీజిల్ పికప్ కొంటున్నారా? మీటరులోని కిలోమీటర్లను ఎలా అంచనా వేయాలి

మార్కెట్ యార్డు నుంచి కూరగాయలు, చెరువు గట్టు నుంచి చేపలు, దుకాణం నుంచి సిమెంటు బస్తాలు. ఊళ్లలోనూ చిన్న పట్టణాల్లోనూ ఇలాంటి సరకును చేరవేసే పని చాలావరకు డీజిల్ పికప్‌లదే. మహీంద్రా బొలెరో పికప్, టాటా యోధ, అశోక్ లేలాండ్ దోస్త్, టాటా ఏస్ వంటి వాహనాలను కొత్తవి కొనే స్తోమత లేనివారు పాతవాటి వైపు చూస్తారు. అలా కొనేవారిలో చాలామందికి ఆ బండే జీవనాధారం. అది షెడ్డులో నిలిచిపోయిన రోజున కిరాయి రాదు. ఫైనాన్స్ వాయిదా మాత్రం ఆగదు.

అందుకే కొనుగోలుదారు మొదట అడిగే ప్రశ్న, 'ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?' ప్రశ్న సరైనదే. అయితే మీటరు మీద కనిపించే అంకె ఒక్కటే దానికి పూర్తి సమాధానం కాదు. ఆధారాలతో రుజువయ్యే రెండు లక్షల కిలోమీటర్లు, ఏ ఆధారమూ లేని ఎనభై వేల కిలోమీటర్ల కంటే నమ్మదగినవి కావచ్చు. ఆ తేడాను గుర్తించే పద్ధతులను ఈ కథనం వివరిస్తుంది.

'మైలేజీ' అంటే ఏమిటి?

మన దేశంలో 'మైలేజీ' అనగానే లీటరు డీజిల్‌కు బండి ఎన్ని కిలోమీటర్లు వెళ్తుందన్నదే గుర్తుకు వస్తుంది. పాత వాహనాల వ్యాపారంలో 'హై మైలేజీ' అన్నప్పుడు మాత్రం అర్థం వేరు. వాహనం తయారైన నాటి నుంచి తిరిగిన మొత్తం దూరం అని దాని భావం. ఓడోమీటరులో నమోదయ్యేది ఈ దూరమే. బేరం జరిగేటప్పుడు ఈ రెండు అర్థాలూ కలగలిసిపోతుంటాయి. 'మైలేజీ బాగుంది' అని అమ్మకందారు అంటే, ఆయన చెబుతున్నది ఇంధనం గురించా, తిరిగిన దూరం గురించా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

ఎంత తిరిగితే ఎక్కువ?

దీనికి గీత గీసినట్టు చెప్పగలిగే హద్దు లేదు. ముందుగా వాహనం వయసును, రోజువారీ పనిని దృష్టిలో పెట్టుకుని ఒక లెక్క వేసుకోవాలి. రోజుకు 100 కిలోమీటర్ల చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరిగే పికప్ సంవత్సరానికి 30,000 కిలోమీటర్లు పూర్తి చేస్తుంది. ఐదేళ్లకు అది లక్షన్నర అవుతుంది. కిరాయికి తిరిగే బండికి ఇది అసాధారణమైన అంకె కాదు.

ఇప్పుడు దీనికి భిన్నమైన సందర్భాన్ని చూద్దాం. ఆరేళ్ల పికప్ మీటరులో 70,000 మాత్రమే ఉందనుకుందాం. ఏడాదికి సుమారు 11,700, అంటే 300 పనిదినాలకు రోజుకు 39 కిలోమీటర్లు. యజమాని సొంత దుకాణం కోసమో, సొంత పొలం కోసమో వాడుకుని ఉంటే ఇది సాధ్యమే. నిత్యం జిల్లాలు దాటి కిరాయిలకు వెళ్లిన బండి అయితే ఆ అంకెను అనుమానించాలి. తక్కువ అంకె కనిపించగానే సంతోషించకుండా, అది యజమాని చెప్పిన పనికి సరిపోతోందా అని చూడాలి.

ఇంజిన్ పరిమాణం కూడా ముఖ్యమే. 2005లో మార్కెట్లోకి వచ్చిన తొలి టాటా ఏస్‌కు 702 సీసీ సామర్థ్యం గల రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ ఉండేది. బొలెరో పికప్‌కూ, ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీ కర్మాగారంలో తయారయ్యే ఇసుజు డి-మ్యాక్స్‌కూ సుమారు 2,500 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్లు వచ్చాయి. ఒకే బరువును మోయడానికి చిన్న ఇంజిన్ పెద్దదానికంటే ఎక్కువ శ్రమ పడుతుంది. కాబట్టి రెండు లక్షల కిలోమీటర్ల అంకెను ఈ రెండు రకాల వాహనాలకూ ఒకే కొలతతో చూడరాదు.

అన్ని కిలోమీటర్లూ సమానం కావు

ఇంజిన్ అరుగుదలను దూరం కంటే అది నడిచిన గంటలే స్పష్టంగా చూపుతాయి. సగటున గంటకు 50 కిలోమీటర్ల వేగంతో లక్ష కిలోమీటర్లు వెళ్లిన ఇంజిన్ 2,000 గంటలు నడిచినట్టు. నగర రద్దీలో సగటున గంటకు 20 కిలోమీటర్ల వేగంతో అంతే దూరం తిరిగిన ఇంజిన్ 5,000 గంటలు నడిచినట్టు. మీటరులో అంకె ఒకటే, ఇంజిన్ చేసిన పని మాత్రం రెండున్నర రెట్లు. దీనికి తోడు నగరంలో క్లచ్, బ్రేకులు, గేర్లు మాటిమాటికీ వాడాల్సి వస్తుంది. ఒకే వేగంతో జాతీయ రహదారిపై సాగిన బండిలో ఇవి నెమ్మదిగా అరుగుతాయి.

రెండో అంశం బరువు. రిజిస్ట్రేషన్ పత్రంలో వాహనం స్థూల బరువు, ఖాళీ బరువు రెండూ ఉంటాయి. మొదటి దానిలోంచి రెండోది తీసివేస్తే చట్టబద్ధంగా మోయదగిన బరువు తెలుస్తుంది. ఇసుక, కంకర, ఇటుకల వంటి సరకు తొట్టి నిండకముందే ఆ పరిమితిని దాటుతుంది. ఏళ్ల తరబడి అధిక లోడు మోసిన బండిలో కమాను కట్టలు, వెనుక హౌసింగ్, క్లచ్, చాసిస్ మీటరు అంకెకు మించి అలసిపోయి ఉంటాయి.

మూడో అంశం సరకు స్వభావం. గోదావరి, కృష్ణా డెల్టాల్లో చేపలు, రొయ్యలు మోసిన బండ్ల నుంచి ఐసు కరిగిన నీరు, ఉప్పు కలిసి నిత్యం కిందికి కారుతుంటాయి. ఎరువుల బస్తాలు మోసిన తొట్టిలో రాలిన పొడి తేమతో కలిసి ఇనుమును తినేస్తుంది. ఇలాంటి బండ్లలో ఇంజిన్ చక్కగా ఉన్నా చాసిస్ తుప్పు పట్టి ఉండవచ్చు. ఇంజిన్‌ను బాగు చేయించుకోవచ్చు. లోపలి నుంచి తుప్పు తిన్న చాసిస్‌కు నమ్మకమైన మరమ్మతు కష్టం.

మీటరు చెప్పేది నిజమేనా?

మీటరును వెనక్కి తిప్పడం పాతకాలపు కేబుల్ మీటర్లకే పరిమితమైన మోసం కాదు. డిజిటల్ మీటర్లలోని అంకెను కూడా పరికరాల సాయంతో మార్చగలరు. అందువల్ల మీటరులోని అంకెను ఇతర ఆధారాలతో పోల్చి చూడాలి.

వాటిలో మొదటిది సర్వీసు చరిత్ర. అధీకృత సర్వీసు కేంద్రంలో చేసే ప్రతి పనికీ తేదీతో పాటు కిలోమీటర్లను కూడా బిల్లులో నమోదు చేస్తారు. యజమాని సమ్మతితో వాహన సంఖ్య ఆధారంగా ఆ చరిత్రను అడగవచ్చు. బయటి మెకానిక్ దగ్గర పని చేయించినా ఆయిల్, ఫిల్టర్లు, క్లచ్ ప్లేటు కొన్న బిల్లులు ఉంటే వాటి తేదీలు ఉపయోగపడతాయి. అంకెలు క్రమంగా పెరుగుతూ రావాలి. మధ్యలో ఎక్కడైనా తగ్గితే ఆ బేరం అక్కడితో ముగించడం మేలు.

రెండోది ఫాస్టాగ్ లావాదేవీల పట్టిక. ఏ రోజున ఏ టోల్ ప్లాజా దాటిందో అందులో స్పష్టంగా ఉంటుంది. ఉదాహరణకు హైదరాబాద్-విజయవాడ రహదారిపై పంతంగి, చిల్లకల్లు ప్లాజాల మధ్య దూరం వంద కిలోమీటర్లకు పైనే. వారానికి నాలుగుసార్లు ఈ రెంటినీ దాటి, తిరిగి వచ్చిన బండి ఏడాదికి 40,000 కిలోమీటర్లకు పైగా తిరిగినట్టే. దాని మీటరు ఏడాదికి పది వేలే చూపుతుంటే నమ్మడానికి వీల్లేదు. ఈ పట్టిక యజమాని ఖాతాలోనే కనిపిస్తుంది కాబట్టి ఆయన్నే అడిగి చూడాలి. చూపడానికి పూర్తిగా నిరాకరిస్తే, ఆ నిరాకరణను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మూడోది టైర్లు. టైరు పక్క భాగంపై ఉండే నాలుగు అంకెలు దాని తయారీ సమయాన్ని తెలుపుతాయి. మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని సూచిస్తాయి. '2319' అంటే 2019వ సంవత్సరం 23వ వారం. మీటరు 30,000 చూపుతుండగా నాలుగు టైర్లూ వాహనం కంటే రెండు మూడేళ్లు కొత్తవైతే, మొదటి టైర్లు ఎందుకు మార్చాల్సి వచ్చిందో అడగాలి. స్టెప్నీ టైరు తేదీని కూడా చూడాలి.

నాలుగోది డ్రైవరు కూర్చునే చోటు. క్లచ్, బ్రేకు పెడళ్ల రబ్బరు అరిగి ఇనుము బయటపడటం, స్టీరింగ్ పట్టుకునే చోట నునుపు తేలడం, గేర్ రాడ్డు మీది అంకెలు చెరిగిపోవడం, సీటు ఒకవైపు కుంగిపోవడం ఎక్కువ వాడకానికి గుర్తులు. యాభై వేల కిలోమీటర్లకు ఇవన్నీ ఒకేసారి కనిపించవు. పాత బండిలో పెడళ్ల రబ్బర్లు మాత్రమే సరికొత్తగా ఉన్నా కారణం అడగాలి.

ఎలక్ట్రానిక్ నియంత్రణ గల ఇంజిన్లకు స్కానర్ తగిలించి చూడటం మరో మార్గం. కొన్ని వాహనాల్లో ఇంజిన్ కంట్రోల్ యూనిట్ తాను నడిచిన గంటలను, దూరాన్ని విడిగా దాచుకుంటుంది. ఆ అంకె డ్యాష్‌బోర్డుపై ఉన్నదానికి సరిపోవాలి.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి

డీజిల్ ఇంజిన్ అసలు స్థితి తెల్లవారి తొలి స్టార్టుకు బయటపడుతుంది. చూడటానికి వెళ్లేసరికే బండిని స్టార్టు చేసి వేడెక్కించి ఉంచితే, మరుసటి రోజు ఉదయం వస్తామని చెప్పి రావాలి. రాత్రంతా చల్లబడిన ఇంజిన్ రెండు మూడు తిప్పులకు అందుకోవాలి. చాలాసేపు తిప్పితే గాని అందుకోకపోతే బ్యాటరీ, గ్లో ప్లగ్గులు, ఇంజెక్టర్లు, కంప్రెషన్‌లలో ఎక్కడో లోపం ఉన్నట్టు.

పొగ రంగును గమనించాలి. చలి ఉదయాన తొలి క్షణాల్లో కొద్దిగా తెల్లని పొగ రావడం సహజం. వేడెక్కిన తర్వాత కూడా అది ఆగకపోతే డీజిల్ సరిగా మండటం లేదని గాని, కూలెంట్ నీరు లోపలికి చేరుతోందని గాని అనుమానించాలి. నీలిరంగు పొగ ఇంజిన్ ఆయిల్ మండుతోందనడానికి గుర్తు. రింగులు, వాల్వు సీళ్లు లేదా టర్బో అరిగినప్పుడు ఇలా జరుగుతుంది. దట్టమైన నల్ల పొగ వస్తే గాలి తక్కువైందని లేదా డీజిల్ ఎక్కువగా పడుతోందని అర్థం. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ వంటి చిన్న కారణం నుంచి ఇంజెక్టర్ల వంటి పెద్ద ఖర్చు వరకు దాని వెనుక ఉండవచ్చు.

మెకానిక్‌లు 'బ్యాక్ కంప్రెషన్' అని పిలిచే లోపాన్ని కూడా చూడాలి. ఇంజిన్ నెమ్మదిగా నడుస్తుండగా ఆయిల్ పోసే మూతను మెకానిక్ జాగ్రత్తగా వదులు చేసి చూస్తారు. కొద్దిపాటి ఆవిరి సహజమే. పొగ గుప్పుగుప్పుమంటూ ఒత్తిడితో తన్నుకువస్తే పిస్టన్ రింగులు, సిలిండర్ గోడలు అరిగాయని అర్థం. ఇంజిన్ 'బోరుకు వచ్చింది' అని షెడ్డుల్లో అనేది ఈ స్థితినే. ఇక్కడి నుంచి మరమ్మతు ఖర్చు పెద్దదవుతుంది.

డిప్‌స్టిక్ తీసి చూసినప్పుడు ఆయిల్ నల్లగా ఉంటే కంగారు పడనవసరం లేదు. డీజిల్ ఇంజిన్లో కొత్త ఆయిల్ కూడా త్వరగానే నల్లబడుతుంది. అది పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే మాత్రం నీరు కలిసినట్టే. రేడియేటరు మూతను ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి. కూలెంట్‌పై నూనె తెట్టు కనిపించకూడదు. ఇంజిన్‌ను కడిగి తళతళలాడించి ఉంచితే లీకులు కనిపించవు. అలాంటి బండిని అరగంట నడిపించి, ఆ తర్వాత కింద మళ్లీ చూడాలి.

లోడుతో నడిపి చూడటం

ఖాళీ పికప్ దాదాపు ఏదైనా బాగానే పరుగెత్తుతుంది. దాని బలహీనతలు బరువు వేసినప్పుడే తెలుస్తాయి. వీలైతే పరిమితికి లోబడి లోడు వేయించి, ఎత్తు ఎక్కించి చూడాలి. పై గేర్‌లో యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఇంజిన్ శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోందని అర్థం. నడుస్తుండగా గేరు దానంతట అదే జారిపోతే గేర్ బాక్సులో పని ఉంది. కదిలేటప్పుడు కింద 'టక్' మని కొడితే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లు, వేగంతో పాటు వెనుక నుంచి ఊళ వేసినట్టు శబ్దం పెరిగితే క్రౌన్-పీనియన్ చూపించాలి. టర్బో ఉన్న ఇంజిన్ ఎత్తు మీద బరువుతో ఊపిరాడనట్టు నీరసించకూడదు.

తర్వాత బండిని ఎత్తించి లేదా గుంత మీద నిలిపి చాసిస్‌ను ఈ చివర నుంచి ఆ చివర వరకు చూడాలి. కొత్త వెల్డింగ్ మచ్చలు, అదనంగా అతికించిన పట్టీలు, ఒకచోట మాత్రమే వేసిన తాజా రంగు, వంపు తిరిగిన క్రాస్ మెంబరు ప్రమాదానికో, అధిక లోడుకో సాక్ష్యాలు. కమాను కట్టలకు అదనపు ఆకులు చేర్చి ఉంటే ఆ బండి ఎంత బరువు మోసిందో చెప్పకనే చెప్పినట్టు. సుత్తితో తేలికగా తట్టినప్పుడు తుప్పు పెచ్చులుగా రాలితే ఆ బండిని వదులుకోవాలి.

బీఎస్-4, బీఎస్-6 తేడా

దేశమంతటా బీఎస్-4 ప్రమాణాలు 2017 ఏప్రిల్ 1 నుంచి, బీఎస్-6 ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఎక్కువ దూరం తిరిగిన బండి విషయంలో ఈ తేడా ఖర్చును మారుస్తుంది. బీఎస్-6 డీజిల్ వాహనాల్లో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు ఉంటుంది. పట్టిన మసిని అది అధిక ఉష్ణోగ్రత వద్ద కాల్చివేసుకుంటుంది. ఊళ్లో చిన్న చిన్న దూరాలే తిరిగిన బండికి ఆ వేడి తగినంతగా అందక ఫిల్టరు మూసుకుపోయే ప్రమాదం ఉంది. కొన్ని నమూనాలకు యూరియా ద్రావణం కూడా పోయాలి.

కాబట్టి బీఎస్-6 పికప్‌లో డ్యాష్‌బోర్డు దీపాలన్నీ తాళం తిప్పగానే వెలిగి, స్టార్టు అయ్యాక ఆరుతున్నాయా అని చూడాలి. అసలు వెలగని హెచ్చరిక దీపాన్ని కావాలనే తీసివేసి ఉండవచ్చు. డీపీఎఫ్‌ను తొలగించిన బండి తక్కువ ధరకు వచ్చినా కాలుష్య పరీక్షలోనూ, ఫిట్‌నెస్ పరీక్షలోనూ చిక్కు తెస్తుంది. పాత బీఎస్-3, బీఎస్-4 బండ్లలో ఈ భాగాల ఖర్చు తక్కువ. అయితే వయసు మీరిన డీజిల్ వాహనాలపై ఆంక్షలు పెరుగుతున్నాయన్నది మరువరాదు. దిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు తిరగకుండా జాతీయ హరిత ట్రైబ్యునల్ ఇచ్చిన ఆదేశాలను సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది. ఆ తర్వాతా ఈ అంశంపై ఆదేశాలు మారుతూ వచ్చాయి. అక్కడి నుంచి చౌకగా వచ్చే బండి కొనేవారు నిరభ్యంతర పత్రాన్ని, సొంత రాష్ట్రంలో చెల్లించాల్సిన పన్నును ముందే లెక్కించుకోవాలి.

పత్రాలూ సాక్ష్యం చెబుతాయి

ఆర్‌సీలోని ఇంజిన్, చాసిస్ సంఖ్యలను వాహనం మీద ఉన్నవాటితో అంకె అంకె పోల్చాలి. ఇంజిన్ మార్చి ఉంటే ఆ మార్పు ఆర్‌సీలో నమోదై ఉండాలి. 'వాహన్' పోర్టల్, 'ఎం-పరివాహన్' యాప్‌లలో రిజిస్ట్రేషన్ తేదీ, ఫిట్‌నెస్, బీమా గడువులు, రుణ వివరాలు చూడవచ్చు. సరకు రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ ధ్రువపత్రం పునరుద్ధరించాలి. కొన్న నెలకే ఫిట్‌నెస్ గడువు ముగిసే బండి అయితే, ఆ పరీక్షకు అయ్యే మరమ్మతుల భారం కొత్త యజమానిదే.

పెండింగులో ఉన్న ఈ-చలాన్లను కూడా చూడాలి. అవి చెల్లించాల్సిన సొమ్మునే కాక, బండి ఎలా వాడబడిందో కూడా తెలుపుతాయి. మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక లోడుకు రూ. 20,000 జరిమానా, ఆపై అదనపు టన్నుకు రూ. 2,000 చొప్పున పడుతుంది. ఇలాంటి చలాన్లు ఒకటికి మించి ఉంటే కమాను కట్టలనూ, హౌసింగునూ మరింత జాగ్రత్తగా పరీక్షించాలి.

రుణం తీరి ఉంటే ఫైనాన్స్ సంస్థ నిరభ్యంతర పత్రంతో పాటు ఫారం 35 అవసరం. యాజమాన్య బదిలీకి ఫారం 29, 30 సమర్పించాలి. కొనుగోలుదారు 30 రోజుల్లోగా బదిలీకి దరఖాస్తు చేసుకోవాలి. పేరు మారేవరకు ప్రమాద పరిహార బాధ్యత ఆర్‌సీలో పేరున్న యజమానిపైనే ఉంటుందని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. కనుక ఈ పని త్వరగా పూర్తి చేసుకోవడం ఇద్దరికీ మేలు.

చివరి లెక్క ధర

ఇద్దరు అమ్మకందార్లను ఊహించుకుందాం. మొదటి బండి మీటరు 75,000, ధర రూ. 4,80,000, బిల్లులు లేవు. రెండో బండి మీటరు 1,90,000, ధర రూ. 4,10,000, ఆయిల్ మార్పు నుంచి క్లచ్ ప్లేటు వరకు బిల్లులున్నాయి. మెకానిక్ చూసి రెండో దానికి టైర్లు, బుష్‌లు, ఇంజెక్టర్ల సర్వీసు కలిపి రూ. 50,000 పని ఉందన్నారు. అప్పుడు దాని అసలు ధర రూ. 4,60,000. ఆ ధరకు కొనుగోలుదారుకు తెలిసిన స్థితిలో ఉన్న బండి దక్కుతుంది. మొదటి బండి మీటరు అబద్ధమైతే ఆ ఖర్చంతా కొన్న తర్వాత, అనుకోని రోజున మీద పడుతుంది.

అందుకే బేరానికి కూర్చునే ముందే క్లచ్, టర్బో, ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు, క్రౌన్-పీనియన్, టైర్లలో ఏది ఎప్పుడు మార్చారో రాసుకోవాలి. మార్చనివాటికి ఆ నమూనా విడిభాగాల ధరలను కనుక్కుని, అడిగిన ధరకు కలిపి చూడాలి. ఇంజిన్ పని పూర్తిగా చేయించామని అమ్మకందారు చెబితే విడిభాగాల బిల్లు, లేత్ పని బిల్లు చూపమనాలి. అమ్మకందారుతో సంబంధం లేని మెకానిక్‌ను రుసుము చెల్లించి తీసుకువెళ్లడం ఉత్తమం. మొత్తం ధరతో పోలిస్తే ఆ రుసుము స్వల్పం.

మీటరు అంకె పెద్దదన్న ఒక్క కారణంతో బండిని వదులుకోనవసరం లేదు. చాసిస్ పగిలినా, నీలి పొగ వచ్చినా, సంఖ్యలు కలవకపోయినా, ఉదయం చల్లని ఇంజిన్‌ను చూపడానికి అమ్మకందారు ఒప్పుకోకపోయినా మాత్రం ధర ఎంత తగ్గించినా వెనుదిరగాలి. చేతిలో ఉన్న పెట్టుబడి మొత్తాన్నీ బండి కొనుగోలుకే వెచ్చించకుండా, తొలి ఆరు నెలల మరమ్మతులకు కొంత సొమ్ము విడిగా ఉంచుకుంటే ఏ నెలా వాయిదా తప్పే పరిస్థితి రాదు.